ఆరు రోజుల ట్రెక్‌లో రాత్రి తిండికి చేపలు, అడవి పుట్టగొడుగులు సరిపోతాయా?

#1 కొండదారి

అందరికీ నమస్తే. ముగ్గురు స్నేహితులం ఆరు రోజుల బ్యాక్‌ప్యాకింగ్ ప్లాన్ చేస్తున్నాం. మధ్యలో ఊరు గానీ రోడ్డు గానీ తగలదు. దారి పొడవునా వాగు ఉంటుంది. మూడో రోజు, ఐదో రోజు సరస్సుల దగ్గర మకాం.

తిండి బరువు చూస్తేనే నీరసం వస్తోంది. మనిషికి రోజుకు 700 గ్రాముల లెక్కన నాలుగు కిలోల పైమాటే. మూడో రోజు నుంచి రాత్రిపూట చేపలు పట్టుకుని, దారిలో ఏరిన పుట్టగొడుగులు కలిపి వండుకుంటే ఒక్కొక్కరికి కిలో బరువైనా తగ్గుతుందని నా ఆలోచన. మాలో ఒకడికి గాలం వేయడం కొద్దోగొప్పో వచ్చు. పుట్టగొడుగుల సంగతి నేను చూసుకుంటా. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఉంది. వానలు తగ్గగానే బయల్దేరతాం కాబట్టి దండిగానే దొరుకుతాయి.

ఇలా చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.

#2 తేలికమూట

ముందు లెక్క చూడండి. బరువు మోస్తూ కొండలెక్కే మనిషికి రోజుకు 3,000 కేలరీలకు తక్కువ సరిపోవు. పచ్చి పుట్టగొడుగులు 100 గ్రాములు తింటే వచ్చేది 20 నుంచి 35 కేలరీలు. కిలో ఏరుకొచ్చి, మట్టి దులిపి, గ్యాస్ ఖర్చుపెట్టి వండితే వచ్చే శక్తి 50 గ్రాముల వేరుశెనగ గింజల్లో ఉంది. అవి జేబులో పడతాయి, వండక్కర్లేదు.

చేప కాస్త నయం. ట్రౌట్ మాంసం 100 గ్రాములకు 140 కేలరీల దాకా, 20 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. కానీ పావుకిలో చేపలో తల, ముల్లు, పేగులు పోగా మిగిలేది సగమే. ముగ్గురికీ మనిషికి 700 కేలరీల భోజనం కావాలంటే అలాంటివి ఒక డజను పట్టాలి. పొద్దంతా నడిచొచ్చి, చీకటి పడేలోపు డజను! చాలాచోట్ల మనిషికి రోజుకు ఇన్నే అని పరిమితి కూడా ఉంటుంది.

తినొద్దని కాదు. వాటిని నమ్ముకుని మూటలోంచి భోజనం తీసేయొద్దు, అంతే. బరువు తగ్గించాలంటే నీళ్ళున్న తిండి మానేసి ఎండబెట్టినవి, నూనె, గింజలు పెట్టుకోండి. నూనె 100 గ్రాములకు దాదాపు 900 కేలరీలు. మీకు కావాల్సిన కిలో అక్కడే తగ్గుతుంది.

#3 గాలంపిచ్చోడు

తేలికమూట గారి లెక్క కరెక్టే, కానీ చేపలు పట్టేది కేలరీల కోసమా అండీ! ఐదు రోజులు ప్యాకెట్ తిండి తిన్న నోటికి వాగు ఒడ్డున వేయించిన తాజా చేప ముక్క తగిలితే ఆ లెక్కలన్నీ మర్చిపోతారు.

కొండదారి గారూ, ఆ సరస్సుల్లో అసలు చేపలున్నాయో లేదో ముందు కనుక్కోండి. ఎత్తులో ఉండే సరస్సులు చాలావాటిలో సహజంగా చేపలుండవు, కింద జలపాతాలు అడ్డం కాబట్టి పైకి ఎక్కలేవు. ఎవరో తెచ్చి వదిలితేనే ఉంటాయి. చలికాలంలో అడుగుదాకా గడ్డకట్టే లోతు తక్కువ సరస్సైతే వదిలినా బతకవు.

సామాను విషయానికొస్తే, చిన్న వాగుకు రీల్ అక్కర్లేదు. జపాన్‌లో పుట్టిన టెంకారా పద్ధతి ఉంది. ఒకదానిలోకి ఒకటి దూరిపోయే రాడ్, దాని కొసకు కట్టిన దారం, చివర ఫ్లై, అంటే పురుగులా కనిపించేలా ఈకలు చుట్టిన గాలం. మొత్తం సరంజామా 100 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, మడిస్తే మోచెయ్యంత ఉంటుంది. సరస్సులో మాత్రం దూరం వేయలేరు, అక్కడికి చిన్న స్పిన్నింగ్ రాడ్ మేలు.

వాగులో చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది. తిండి అటు నుంచే కొట్టుకొస్తుంది మరి. అందుకే దిగువ నుంచి పైకి నడుస్తూ రండి, దాని వెనక నుంచి వచ్చినట్టవుతుంది. నీళ్ళలోంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల ఒడ్డు మీద నిటారుగా నిలబడ్డవాడు ఆ కిటికీ అంచున దొరికిపోతాడు, వంగి నడిచేవాడు దొరకడు. మీ నీడ నీళ్ళ మీద పడకుండా చూసుకోండి. కాళ్ళు ధనధన కొట్టుకుంటూ గట్టు మీద నడిస్తే ఆ అదురు కూడా వాటికి తెలుస్తుంది.

ఎక్కడ వేయాలంటే, వడిగా పారే నీరు, నెమ్మది నీరు కలిసే అంచు చూడండి. నురుగు ఒక గీతలా సాగుతుంటుంది, పురుగులు కూడా ఆ గీత వెంటే కొట్టుకొస్తాయి. పెద్ద రాయి ఉంటే దాని వెనక ఎంత నెమ్మదిగా ఉంటుందో, ముందు కూడా అంతే ఒక దిండులా నీరు ఆగుతుంది. కొత్తవాళ్ళు వెనక మాత్రమే వేసి వెళ్ళిపోతారు. సరస్సులో అయితే వాగు వచ్చి కలిసే మూల వదలొద్దు.

#4 తెల్లకాగితం

చేపల గురించి పైన బాగా చెప్పారు. నేను యాప్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

కొండదారి గారూ, పుట్టగొడుగును పోల్చుకోవడానికి కావాల్సిన వాటిలో సగం ఫొటోలో ఉండవు. కాడ అడుగున మట్టిలో ఏముంది, కోస్తే లోపల రంగు మారుతుందా, వాసనేంటి, ఏ చెట్టు దగ్గర మొలిచింది, దాని సిద్ధబీజాల (గొడుగు కింద నుంచి రాలే పొడి) రంగేంటి? యాప్ చూసేది పైగొడుగు రంగు, ఆకారం. అవి వాన పడితే ఒకలా, ఎండ తగిలితే ఒకలా ఉంటాయి. యాప్ చెప్పిన పేరు పట్టుకుని పుస్తకంలో వెతకడం మొదలుపెట్టొచ్చు. ఆ పేరు పట్టుకుని పొయ్యి వెలిగించకూడదు.

డెత్ క్యాప్ సంగతే తీసుకోండి. పుట్టగొడుగులు తిని చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది ప్రాణం తీసేది ఇదే. యూరప్‌ది, చెట్ల మొక్కల వేళ్ళతో పాటు ఉత్తర అమెరికాకు, ఆస్ట్రేలియాకు కూడా వెళ్ళిపోయింది. లేత ఆకుపచ్చ లేదా పసుపు కలిసిన గొడుగు, కింద తెల్లటి రేకులు, కాడకు పల్చటి ఉంగరం, అడుగున తెల్లటి సంచి. చేత్తో పుటుక్కున తుంచితే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది. మీ చేతిలో మిగిలేది చూడముచ్చటైన మామూలు పుట్టగొడుగు. అందుకే తుంచొద్దు, కత్తి మొనతో చుట్టూ మట్టి తవ్వి మొదలంటా లేపాలి.

దీనిలోని అమాటాక్సిన్లు అనే విషాలు ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోవు. ఒక గొడుగులో సగం చాలు మనిషిని చంపడానికి. చేదుగా ఉంటే ఉమ్మేస్తాం కదా అంటారేమో, తిని బతికినవాళ్ళు రుచిగానే ఉందని చెప్పారు.

#5 పాతబూట్లు

ఎందుకండీ అంత టెన్షన్ పెడతారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు అడవిలో ఏరుకొచ్చినవే తిని పెరిగాం. పురుగులు తొలిచినది, నత్తలు కొరికినది మంచిదని లెక్క. అనుమానం ఉంటే వెండి చెంచా వేసి ఉడకబెట్టేవాళ్ళు, నల్లబడితే పారేసేవాళ్ళు. ఒక్కరికీ ఏమీ కాలేదు.

#6 తెల్లకాగితం

పాతబూట్లు గారూ, మీ పెద్దవాళ్ళకు ఏమీ కాకపోవడానికి కారణం చెంచా కాదు. వాళ్ళకు ఒకే అడవి తెలుసు, అందులో ఒకే చోట ఏటా మొలిచే రెండు మూడు రకాలు తెలుసు. కళ్ళు మూసుకుని వాసనతో చెప్పగలిగేవారు. కొండదారి గారు వెళ్ళేది ఆయన ఎప్పుడూ చూడని అడవికి.

నత్తలు డెత్ క్యాప్‌ను హాయిగా తింటాయి, వాటి ఒంటికి ఆ విషం పట్టదు. వెండి నల్లబడేది గంధకం తగిలితే, అమాటాక్సిన్‌కు నల్లబడదు.

ఇంకొకటి. ‘ఎప్పటి నుంచో తింటున్నాం’ అన్నది కూడా గ్యారంటీ కాదు. పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్ అనే గోధుమరంగు పుట్టగొడుగును యూరప్‌లో తరతరాలుగా ఉడికించి తినేవాళ్ళు. 1944లో జూలియస్ షాఫర్ అనే జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త దాన్ని తిని చనిపోయారు. పుట్టగొడుగులే జీవితంగా బతికిన మనిషి! అది మామూలు విషం లాంటిది కాదని తర్వాత తేలింది. పదే పదే తిన్న కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరిగి సొంత ఎర్ర రక్తకణాలనే పగలగొడుతుంది. పందొమ్మిది సార్లు బాగానే ఉండి ఇరవయ్యోసారి ప్రాణం మీదకు రావచ్చు.

జపాన్‌లో ఏంజెల్ వింగ్ అనే తెల్లటి పుట్టగొడుగుదీ అదే కథ. 2004 దాకా తినేదే. ఆ ఏడాది మెదడు దెబ్బతిని 17 మంది పోయారు, వాళ్ళలో చాలామందికి అంతకుముందే మూత్రపిండాల జబ్బు ఉంది.

#7 పాతబూట్లు

సరే, చెంచా సంగతి ఒప్పుకుంటా. కానీ మీ మాట వింటే ఎవడూ అడవిలో ఆకు కూడా ముట్టుకోడు.

#8 రాత్రిడ్యూటీ

ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. ఇంట్లో పుట్టగొడుగులు తినడం వేరు, నడక దారిలో మూడో రోజున తినడం వేరు. తేడా గంటల్లో ఉంది.

అమాటాక్సిన్ తిన్న మనిషికి మొదటి ఆరు నుంచి పన్నెండు గంటలు ఏమీ ఉండదు. ఒక్కోసారి 24 గంటల దాకా కూడా. అంటే రాత్రి తిని, హాయిగా పడుకుని, తెల్లారి గుడారం సర్దుకుని మళ్ళీ నడక మొదలుపెడతారు, ఇంకా దూరం వెళ్ళిపోతారు. అప్పుడు వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. ఒక రోజు తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది. అసలు ప్రమాదం ఈ దశలోనే. ‘ఏదో పడలేదు, తగ్గిపోయింది’ అనుకుని ట్రిప్ కొనసాగిస్తారు. లోపల మాత్రం కాలేయంలో కణాలు ప్రొటీన్లు తయారుచేసుకునే దారి మూసుకుపోతూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కళ్ళు పచ్చబడతాయి, అప్పటికి కాలేయ మార్పిడి తప్ప దారి లేని పరిస్థితి కూడా రావచ్చు.

కార్టినేరియస్ జాతిలో కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే ఒరెల్లనిన్ అనే విషం ఇంకా ఘోరం. రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల తర్వాత మూత్రపిండాలు దెబ్బతిన్న లక్షణాలు మొదలవుతాయి. అప్పటికి ఏం తిన్నామో గుర్తుకూడా ఉండదు.

గుర్తుపెట్టుకోండి. తిన్న గంట రెండు గంటల్లో వాంతులు మొదలైతే అది చాలాసార్లు కడుపుతో పోయే రకం. ఆరు గంటలు దాటాక మొదలైతే ఎమర్జెన్సీయే. ముందు వచ్చాయి కాబట్టి గండం గడిచిందనీ అనుకోకూడదు, రెండు రకాలు కలిపి తిని ఉండొచ్చు. గుంపులో ఒక్కరికి వచ్చినా అందరూ బయటికి రావాలి. శాటిలైట్ మెసెంజర్ ఉంటే వెంటనే ఎస్‌ఓఎస్ నొక్కండి. మిగిలిన ముక్కలు, తరిగి పారేసిన కాడలు కూడా కాగితంలో చుట్టి తీసుకురండి. ప్లాస్టిక్‌లో వేస్తే కుళ్ళి గుర్తుపట్టలేం. గొంతులో వేళ్ళు పెట్టి కక్కించే ప్రయత్నాలు చేయొద్దు. నీళ్ళు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి.

ఇది చదివి భయపడితే మంచిదే.

#9 కొండదారి

రాత్రిడ్యూటీ గారూ, భయపడ్డాను. యాప్ సంగతి వదిలేశాను.

అయితే ఒక డౌట్. అసలు ఏ రకమూ తినలేమా? చూడగానే తెలిసిపోయేవి, విషపు కవలలు లేనివి కొన్ని ఉంటాయని విన్నాను.

#10 నాచుబండ

ఉన్నాయండీ. అందరూ తెల్లకాగితం గారిలా బెదిరిస్తే కొత్తవాళ్ళు నేర్చుకునేదెప్పుడు?

నా ఓటు హెడ్జ్‌హాగ్‌కు. గొడుగు తిరగేస్తే రేకులుండవు, చిన్న చిన్న ముళ్ళు వేలాడుతుంటాయి, వేలితో రాస్తే రాలిపోతాయి. దానికి ప్రాణాంతకమైన పోలిక లేదు. తర్వాత చాంటరెల్. పచ్చసొన రంగు, పండు వాసన. చికెన్ ఆఫ్ ది వుడ్స్ కూడా, చెట్టుకు అంతస్తులుగా నారింజ పసుపు రంగులో కనిపిస్తుంది, కింద రేకులకు బదులు సన్న రంధ్రాలు. దీన్ని బాగా ఉడికించాలి, అయినా కొందరికి కడుపులో తిప్పుతుంది.

#11 తెల్లకాగితం

హెడ్జ్‌హాగ్‌కు నాకూ అభ్యంతరం లేదు. చాంటరెల్ మాత్రం కొత్తవాళ్ళకు వద్దంటాను. జాక్ ఓ లాంతర్ అనే విషపు పుట్టగొడుగును చాంటరెల్ అనుకుని తిని రాత్రంతా వాంతులు చేసుకునేవాళ్ళు ఏటా ఉంటారు.

#12 నాచుబండ

అది తేడా చూడనివాళ్ళ సంగతి. చూపిస్తాను. చాంటరెల్ కింద ఉండేవి అసలు రేకులు కావు, అదే మాంసం ముడతలు పడి కాడ మీదకు జారుతూ వస్తుంది, మధ్యలో చీలి మళ్ళీ కలుస్తుంది. గోరుతో ఒక్క ముడతను విడదీయాలంటే రాదు. జాక్ ఓ లాంతర్‌కు పదునైన నిజమైన రేకులు, పుస్తకం పేజీలా విడివిడిగా పక్కకు వంగుతాయి. నిలువుగా చీల్చండి. చాంటరెల్ లోపల తెలుపు లేదా లేత పసుపు, పీచులా చీలుతుంది. రెండోది లోపలా నారింజే. చాంటరెల్ నేలలోంచి ఒక్కొక్కటిగా వస్తుంది, రెండోది మొద్దు మీద గానీ, మట్టి కింద పూడిన కట్టె మీద గానీ గుత్తిగా వస్తుంది.

#13 తెల్లకాగితం

చక్కగా చెప్పారు. ఇప్పుడు ఇది చదివినవాళ్ళు సాయంత్రం వెలుతురు తగ్గాక, వానలో తడిసి, ఆకలి మీద, పూడిన కట్టె మీద మొలిచిన ఒక్క పుట్టగొడుగును పట్టుకుని నిలబడితే ఎలా చూస్తారో ఊహించండి. నా గొడవ ఆ గంట గురించే. నేర్చుకోవద్దనడం లేదు, తెలిసినవాళ్ళ పక్కన నడిచి, ఇంటికి దగ్గర్లో, పది కాయలు చేతిలో పెట్టుకుని పోల్చుకుంటూ నేర్చుకోవాలి. ట్రెక్ దారి పరీక్ష రాసే చోటు కాదు.

కొండదారి గారికి ఒక పని ఇస్తా, తినకుండా కూడా సరదాగా ఉంటుంది. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం ఒకటి పెట్టుకెళ్ళండి. సాయంత్రం ఒక గొడుగును కాడ దగ్గర కోసి, రేకులు కిందికి ఉండేలా కాగితం మీద సగం తెలుపు మీద, సగం నలుపు మీద పడేట్టు పెట్టండి. పైన ఒక నీటి చుక్క వేసి కప్పు బోర్లించండి. పొద్దున్నే ఎత్తితే రాలిన సిద్ధబీజాల పొడితో రేకుల ముద్ర పడి ఉంటుంది. తెల్లపొడి నలుపు వైపు కనిపిస్తుంది, గోధుమ, ఊదా, గులాబీ రంగులు తెలుపు వైపు. డెత్ క్యాప్ వర్గమైన అమనిటాలకు తెలుపు. గలేరినా అని కట్టె మీద మొలిచే చిన్న గోధుమరంగుది ఉంటుంది, దాంట్లోనూ అవే అమాటాక్సిన్లు, దాని ముద్ర తుప్పు గోధుమ. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్‌కు ఆకుపచ్చ ముద్ర పడుతుంది, పచ్చిక మైదానాల్లో పెద్ద తెల్ల గొడుగులా నోరూరించేది అదే, తిన్నవాడికి గంటల్లోనే కడుపు ఖాళీ.

పఫ్‌బాల్ (బంతిలా మొలిచే తినదగ్గ రకం) అనిపించిన ప్రతి తెల్ల గుండ్రటి దాన్ని నిలువునా సగానికి కోసి చూడండి. అసలైనదైతే లోపలంతా ఒకే తెల్లటి ముద్ద. బుడ్డి గొడుగు ఆకారం, కాడ గీత లీలగా కనిపించిందంటే అది విచ్చుకోని అమనిటా.

#14 తేలికమూట

పచ్చిగా నమలడం గురించి కూడా ఎవరైనా చెప్పాలి. మోరెల్స్ అనే తినదగ్గ మంచి పుట్టగొడుగులు కూడా పచ్చివి ప్రమాదమే. 2023లో అమెరికాలోని మోంటానాలో ఒక రెస్టారెంట్‌లో పచ్చివి, సగం ఉడికినవి వడ్డిస్తే 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. ట్రెక్‌లో గ్యాస్ పొదుపు చేస్తూ రెండు నిమిషాలు తిప్పి దించేస్తాం కదా. అక్కడే చిక్కు.

#15 రాత్రిడ్యూటీ

అవును. చాలా రకాలు బాగా ఉడికితే తప్ప అరగవు కూడా, వాటి కణాల గోడల్లో ఉండేది కైటిన్. రోడ్ల పక్కన, పాత గనుల దగ్గర మొలిచినవి వదిలేయండి, భారలోహాలు పీల్చుకుంటాయి. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత యూరప్‌లో కొన్ని అడవుల పుట్టగొడుగుల్లో రేడియోధార్మిక సీజియం దశాబ్దాల పాటు కనబడుతూనే ఉంది.

#16 గాలంపిచ్చోడు

ఇక చేపల్లోకి వద్దామా, పుట్టగొడుగులు ఈ చర్చ మొత్తం మింగేశాయి :)

చేప పడ్డాక మీవాడికి నాలుగు మాటలు చెప్పండి. తినేదైతే వెంటనే తల మీద ఒక్క దెబ్బ వేసి చంపేయాలి, గట్టు మీద గిలగిల కొట్టుకోనివ్వకూడదు. అది దానికీ మంచిది, మాంసానికీ మంచిది. మలద్వారం నుంచి మొప్పల దాకా సన్నగా కోసి, పేగులు ఒకే గుంజుతో లాగేయాలి. వెన్నెముక వెంట ముదురు ఎరుపు గీత ఒకటి ఉంటుంది, అది మూత్రపిండం, బొటనవేలి గోరుతో గీకి కడగండి. అది వదిలేస్తే చేదొస్తుంది, త్వరగా పాడవుతుంది. పట్టిన గంటలోపు వండేయండి.

వదిలేసేదైతే చేతులు తడి చేసుకుని పట్టుకోండి. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగట పొర పోయి తర్వాత బూజు పడుతుంది. ట్రౌట్‌కు నీళ్ళు 20 డిగ్రీలు దాటాయంటే చేపలు అప్పటికే అలసిపోయి ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో పట్టి వదిలినా కొన్ని బతకవు. అలాంటప్పుడు పొద్దున్నే వేయండి, లేదా మానేయండి.

వండేటప్పుడు తేలికమూట గారు మెచ్చేది ఒకటి. మంట మీద కాలిస్తే కొవ్వంతా కారి బూడిదలో పడుతుంది. ఆకలి మీద ఉంటే నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు కూడా తాగండి.

#17 రాత్రిడ్యూటీ

పచ్చి చేప, సగం కాలిన చేప వద్దు. మంచినీటి చేపల్లో బద్దెపురుగు పిల్లలు ఉంటాయి, డైఫిల్లోబోత్రియం అని. మాంసం లోపల 63 డిగ్రీలకు చేరితే చచ్చిపోతాయి. థర్మామీటర్ అక్కర్లేదు, ముల్లు దగ్గర ఫోర్క్ గుచ్చి తిప్పితే మాంసం అద్దంలా కాకుండా తెల్లగా, పొరలు పొరలుగా విడిపోవాలి. నిమ్మరసం, ఉప్పు, పొగ ఆ పురుగుల్ని నమ్మకంగా చంపవు.

సరస్సు నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అక్కడ చేపలు పట్టొద్దు. ఆ నీళ్ళు మరిగించి తాగినా లాభం లేదు, సయనోబ్యాక్టీరియా విషం మరిగితే పోదు.

#18 పాతబూట్లు

ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. చేప పేగులు గుడారం దగ్గర వదలొద్దు. వాగుకు 60 మీటర్ల దూరంలో గొయ్యి తీసి పూడ్చండి.

#19 గాలంపిచ్చోడు

పాతబూట్లు గారూ, ఎలుగుబంట్లు తిరిగే చోట పూడిస్తే పిలిచి భోజనం పెట్టినట్టే, తవ్వుకుని తింటాయి. వడిగా, లోతుగా పారే నీళ్ళలోకి విసిరేయడమే మంచిది. ఆ పోషకాలు ఆ నీళ్ళవే.

#20 పాతబూట్లు

చల్లటి చిన్న సరస్సులో వేస్తే వారాలైనా కుళ్ళవు, అడుగున తెల్లగా కనిపిస్తూనే ఉంటాయి. కింద నీళ్ళు పట్టుకునేవాడి సంగతి?

#21 వాగుకాపరి (మోడరేటర్)

ఇద్దరిదీ నిజమే, చోటును బట్టి మారుతుంది. కొన్ని పార్కుల్లో నీళ్ళలో వేయమంటారు, కొన్నిట్లో వేస్తే జరిమానా, కొన్నిట్లో సంచిలో మోసుకు రావాల్సిందే. ఎక్కడికి వెళ్తున్నారో అక్కడి రూల్ చదువుకోండి. ఎలుగుబంట్లున్న చోట వండడం, తినడం, చేప వాసన తగిలిన బట్టలు మార్చుకోవడం అన్నీ గుడారానికి 90 మీటర్ల దూరంలో.

లైసెన్స్ కూడా ముందే తీసుకోండి. చేపలకు లైసెన్స్, సీజన్, కనీస పొడవు ఉంటాయి. కొన్నిచోట్ల ఎర నిషేధం, ఫ్లై మాత్రమే. పుట్టగొడుగులు ఏరడం చాలా రక్షిత అడవుల్లో అసలే కుదరదు, కుదిరినచోట రోజుకు ఇంత అని పరిమితి.

వేరే నదిలో వాడిన బూట్లు, వలలు అలాగే తేవద్దు. తోమి, పూర్తిగా ఎండబెట్టాకే దింపండి. డిడిమో అనే నాచు అలా ఒక వాగు నుంచి ఇంకో వాగుకు పాకుతుందనే న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ సోల్ బూట్లనే నిషేధించింది.

#22 కొండదారి

అందరికీ థ్యాంక్స్. ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆరు రోజుల తిండీ పూర్తిగా మోస్తున్నాం, గింజలు, నూనె పెంచి బరువు మనిషికి రోజుకు 600 గ్రాములకు దింపాం. చేపలు పడితే అదనం, పడకపోతే లేదు. లైసెన్స్‌కు అప్లై చేశాను. రెండో సరస్సులో చేపలు లేవట, అటవీ ఆఫీసు వాళ్ళే చెప్పారు. పుట్టగొడుగులు ఏవీ గిన్నెలోకి రావు. కాగితం, కప్పు మాత్రం పెట్టుకున్నా, ఫొటోలతో ముద్రలు ఇక్కడ పెడతా.

గాలంపిచ్చోడు గారూ, కొన్న గాలాలన్నీ వెనక్కి తిరిగిన ముల్లున్నవే. అక్కడేమో ముల్లు లేని గాలమే వాడాలట. మళ్ళీ కొనాలా?

#23 గాలంపిచ్చోడు

అక్కర్లేదు. సన్న ముక్కు పట్టకారుతో ఆ ముల్లును అణిచేయండి. పట్టకారును అడ్డంగా కాకుండా గాలం వెంటే పెట్టి మెల్లగా నొక్కండి, గట్టిగా ఒక్కసారి నొక్కితే కొన పుటుక్కుమంటుంది. తర్వాత గుడ్డలో గుచ్చి లాగి చూడండి, పట్టుకోకుండా వచ్చేస్తే చాలు. దారం బిగువు వదలకుండా లాగమని మీవాడికి చెప్పండి, వదులైతే జారిపోతుంది. ఇంట్లోనే చేసుకోండి, చలికి వేళ్ళు కొంకర్లు పోయాక అక్కడ కుదరదు.